పామాయిల్ గెలను గానుగలో ఎందుకు ఆడించలేం? నూనె తీసే పద్ధతుల పోలిక

క్లుప్తంగా: ఆయిల్ పామ్ పండు గుజ్జులో నూనెతో పాటు నీళ్లు ఉంటాయి, ఆ నూనెను పాడుచేసే ఎంజైము కూడా ఉంటుంది. అందుకే వేరుశనగలా ఎండబెట్టి, దాచిపెట్టి, తీరిగ్గా ఆడించడం కుదరదు. గెల కోసిన 24 గంటల్లోపు దానికి ఆవిరి పట్టాలి. చేతి పద్ధతుల్లో పండులో ఉన్న నూనెలో సగానికి సగం పోతుంది. స్క్రూ ప్రెస్ ఫ్యాక్టరీలో 90 శాతం పైగా చేతికి వస్తుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల రైతుకు మాత్రం ఏ యంత్రం మంచిదన్న ప్రశ్న కన్నా అది తోటకు ఎంత దూరంలో ఉందన్నదే పెద్ద ప్రశ్న.

తిరుపతిలో ఇప్పుడు చాలా వీధుల్లో చెక్క గానుగ కనిపిస్తోంది. కొట్టు ముందే రోలు, అందులో రోకలి తిరుగుతుంటాయి. ఆడించే మనిషి మధ్యమధ్యలో గుప్పెడు నీళ్లు చిలకరిస్తాడు, నూనె సన్నగా కిందికి దిగుతుంటుంది. శెనక్కాయలు పండే ప్రాంతం కాబట్టి ఇక్కడివారికి నూనె అనగానే మొదట గుర్తొచ్చేది ఈ గానుగే. ఆయిల్ పామ్ సాగు మాట వచ్చినప్పుడు కూడా అదే లెక్కలో ఒక సందేహం వస్తుంది: గెలలు మన తోటలోవే అయినప్పుడు మన ఊళ్లోనే ఆడించుకోవచ్చు కదా, ఫ్యాక్టరీతో పనేంటి?

ఈ సందేహం ఇప్పుడు ఎక్కువగా వినిపించడానికి కారణాలున్నాయి. 2021 ఆగస్టులో కేంద్రం రూ.11,040 కోట్లతో వంటనూనెల జాతీయ మిషన్‌ను ఆయిల్ పామ్ కోసం ప్రకటించింది. 2025-26 నాటికి అదనంగా 6.5 లక్షల హెక్టార్లలో తోటలు వేయించి, మొత్తం విస్తీర్ణాన్ని 10 లక్షల హెక్టార్లకు చేర్చాలన్నది అప్పటి లక్ష్యం. ఇటు చిత్తూరులో 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయి, రాష్ట్ర ప్రభుత్వం కిలోకు రూ.4 చొప్పున సాయం ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి ఏడాదిలో రైతు వేరే పంటల వైపు చూడడం సహజం.

ఒకే పండు, రెండు నూనెలు

ఆయిల్ పామ్ పశ్చిమ ఆఫ్రికా చెట్టు. ఒక్కో గెల 15 నుంచి 25 కిలోల దాకా తూగుతుంది. అందులో వెయ్యికి పైగా పండ్లు ముళ్ల మధ్య ఇరుక్కుని ఉంటాయి. పండు సైజు పెద్ద ఉసిరికాయంత. పైభాగం నల్లటి ఎరుపు, కింద నారింజ రంగు. గోటితో గిల్లితే గుజ్జు పీచు మామిడిలా నారనారగా వస్తుంది, వేళ్లకు నారింజ రంగు జిడ్డు అంటుకుంటుంది. గుజ్జు కింద గట్టి టెంక, మామిడి టెంకలో జీడి ఉన్నట్టే దాని లోపల తెల్లటి గింజ.

గుజ్జు నుంచి వచ్చేది పామాయిల్, గింజ నుంచి వచ్చేది పామ్ కెర్నల్ ఆయిల్. చెట్టు ఒకటే, నూనెలు మాత్రం రెండు జాతులు. పామాయిల్‌లో పామిటిక్ ఆమ్లం దాదాపు 44 శాతం, ఒలీయిక్ ఆమ్లం దాదాపు 39 శాతం ఉంటాయి. గింజ నూనెలో సగానికి దగ్గరగా లారిక్ ఆమ్లమే. అంటే అది కొబ్బరినూనెకు దగ్గరి చుట్టం. 2024 సెప్టెంబర్‌లో తిరుమల లడ్డూ నెయ్యి మీద బయటికొచ్చిన ల్యాబ్ రిపోర్టు చదివిన చాలామంది ఇక్కడే తికమక పడ్డారు. అందులో కొబ్బరి, పామ్ కెర్నల్ ఒక వరుసలో ఉన్నాయి. పామాయిల్, పశువుల కొవ్వు మరో వరుసలో ఉన్నాయి. ఆ పరీక్ష కొవ్వులను వాటి రసాయన నిర్మాణాన్ని బట్టి గుంపులు చేస్తుంది. నిర్మాణం దగ్గరగా ఉన్నవి పక్కపక్కన పడతాయి, అవి చెట్టు నుంచి వచ్చాయా పశువు నుంచి వచ్చాయా అన్నదాన్ని బట్టి కాదు.

నూనె తీయడం విషయంలోనూ ఈ రెండింటి దారులు వేరు. ఎండిన పామ్ గింజలో తేమ 7 శాతం వరకు, నూనె 45 నుంచి 50 శాతం ఉంటుంది. వేరుశనగ పప్పు లెక్క కూడా దాదాపు ఇంతే. కాబట్టి గెలలో గానుగకో ఎక్స్‌పెల్లర్‌కో సరిపడే భాగం ఏదైనా ఉందంటే అది గింజే. దాన్ని ఎండబెట్టి నెలల తరబడి నిల్వ ఉంచొచ్చు, తీరిక చూసుకుని ఆడించొచ్చు. కానీ గెల బరువులో గింజ 5 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. అసలు నూనె అంతా గుజ్జులో ఉంది, చిక్కంతా కూడా గుజ్జుతోనే.

కోసిన క్షణం నుంచే పరుగు

పండిన గుజ్జులో దాదాపు సగం నూనె, మూడో వంతుకు పైగా నీళ్లు, మిగతాది పీచు. అందులోనే లైపేజ్ అనే ఎంజైము ఉంటుంది. పండు చెట్టు మీద దెబ్బ తగలకుండా ఉన్నంతసేపు నూనె ఒక గదిలో, ఎంజైము ఒక గదిలో ఉన్నట్టు విడిగా ఉంటాయి. గెల నేల మీద పడి పండు నలిగిందంటే ఆ రెండూ కలిసిపోతాయి. అప్పటి నుంచి ఎంజైము నూనెను ముక్కలు చేసి విడి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. నలగని తాజా పండు నూనెలో ఈ ఆమ్లాలు ఒక శాతం కూడా ఉండవు. నలిగాక అవి చాలా వేగంగా పెరుగుతాయి. వ్యాపారంలో ముడి పామాయిల్‌కు సాధారణంగా ఒప్పుకునే హద్దు 5 శాతం. అది దాటితే శుద్ధి చేసేటప్పుడు ఆ ఆమ్లాలను తీసేయాలి, అంటే అంత నూనె పోయినట్టే.

వేరుశనగకూ దీనికీ అసలు తేడా ఇదే. శెనక్కాయలను కళ్లంలో ఆరబెట్టి, మూటలు కట్టి, ధర వచ్చేదాకా ఇంట్లో పెట్టుకోవచ్చు. పామ్ గెలను అలా పెట్టలేం. చిత్తూరు రైతుకు తెలిసిన పంటల్లో దీనికి దగ్గరగా ఉన్నది చెరుకు. నరికిన చెరుకు ఆలస్యమైతే రసంలో చక్కెర విరుగుతుంది, గెల ఆలస్యమైతే నూనె విరుగుతుంది.

'కోల్డ్ ప్రెస్డ్' అన్న మాటకు ఉన్న మంచి పేరు కూడా ఈ పండు దగ్గర పనిచేయదు. వేరుశనగకు, నువ్వులకు వేడి తగలకుండా ఆడించడం ఒక సుగుణం. పామ్ గుజ్జును వేడి లేకుండా నలిపితే ఎంజైము చావదు. పైగా ఆ నలపడం వల్లే అది నూనెతో పూర్తిగా కలుస్తుంది. అలా తీసిన నూనె గిన్నెలో ఉండగానే పాడవుతూ పోతుంది. నీళ్లూ పీచూ కలిసిన ఆ ముద్ద గానుగ రోకలి కింద గట్టిపడి చెక్క కట్టదు, జారిపోతుంది. నూనె, నీళ్లు, మెత్తటి పిప్పి కలిసి చిక్కటి గంజిలా తయారవుతాయి. దాన్నుంచి నూనెను విడదీయడానికి ఎలాగూ వేడి కావాల్సిందే.

ఆఫ్రికా పల్లెల పద్ధతి

అలాగని ఫ్యాక్టరీ లేకుండా పామాయిల్ తీయడం అసాధ్యమని కాదు. పశ్చిమ ఆఫ్రికాలో ఎంతో కాలంగా ఇళ్ల దగ్గరే తీస్తున్నారు. గెలను నరికి, పండ్లు రాలేదాకా కప్పి ఉంచుతారు. ఆ పండ్లను పెద్ద డ్రమ్ములో ఉడికించి, రోట్లో దంచడమో గుంటలో వేసి కాళ్లతో తొక్కడమో చేస్తారు. ఆ ముద్దలో నీళ్లు పోసి కాచితే నూనె పైకి తేలుతుంది. దాన్ని చేత్తోనో గరిటెతోనో తీసి, మళ్లీ కాచి తడి ఆరబెడతారు. ఇక్కడ నూనెను బయటికి తెచ్చేది వేడినీళ్లు, ఒత్తిడి కాదు. అందుకే దీన్ని తడి పద్ధతి అంటారు.

ఈ పద్ధతికి పెట్టుబడి దాదాపు లేదు, కష్టం మాత్రం విపరీతం. పండులోని నూనెలో సగం దక్కితే గొప్ప, చాలాచోట్ల అంతకన్నా తక్కువే. పండ్లు రాలడానికి గెలను ఎన్ని రోజులు కప్పి ఉంచితే ఆమ్లాలు అంత పెరుగుతాయి. నైజీరియా వ్యాపారంలో పూర్వం 'మెత్తని నూనె', 'గట్టి నూనె' అని రెండు రకాలు ఉండేవి. రోజుల తరబడి పులియబెట్టి తీసిన గట్టి నూనెలో ఆమ్లాలు పదుల శాతంలో ఉండేవి. అలా తీయడానికి శ్రమ తక్కువ. 19వ శతాబ్దంలో బ్రిటన్ సబ్బుల ఫ్యాక్టరీలకు అలాంటి నూనె కూడా పనికొచ్చేది. ఇప్పుడు వంటకు అమ్మాలంటే అది కుదరదు.

తర్వాతి మెట్టు చేతి ప్రెస్సులు. చిల్లులున్న ఇనుప పీపాలో ఉడికిన ముద్ద వేసి, పైనుంచి మరను తిప్పుతూ బిగిస్తారు. మరకు బదులు హైడ్రాలిక్ జాక్ పెడితే ఒత్తిడి పెరిగి, పండులోని నూనెలో మూడింట రెండు వంతులు, బాగా చేస్తే ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. ఘనాలో, నైజీరియాలో చిన్న యూనిట్లు చాలావరకు ఇలాంటివే. అవి నిలబడడానికి ఒక ముఖ్యమైన కారణం మన దగ్గర లేదు. అక్కడి వంటింట్లో ఎర్రటి ముడి పామాయిల్‌ను అలాగే వాడతారు, దాని రంగూ వాసనా కావాలనే కొంటారు. ఇక్కడి మార్కెట్‌కు రంగూ వాసనా లేని నూనె కావాలి, అంటే శుద్ధి తప్పదు. చెరుకు రైతుకు ఇలాంటి చిక్కు లేదు. సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాక కూడా చిత్తూరు పల్లెల్లో చెరుకు ఆడి, పెనంలో రసం కాచి బెల్లం చేసుకుంటున్నారు. ఆ బెల్లాన్ని నేరుగా మండీకి తోలుతున్నారు. ముడి పామాయిల్‌కు అలాంటి మండీ తెలుగు జిల్లాల్లో లేదు.

ఫ్యాక్టరీలో జరిగేది

ఫ్యాక్టరీ పద్ధతిలో గుండెకాయ ప్రెస్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి దానికన్నా ముందు వచ్చే ఆవిరి పెట్టెదే పెద్ద పాత్ర. గెలలను గెలలుగానే పెద్ద ఇనుప గొట్టంలోకి తోసి, సుమారు 3 కిలోల ఒత్తిడి దగ్గర, 140 డిగ్రీల వేడి ఆవిరిలో గంటా గంటన్నర ఉంచుతారు. ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేది ఒక కిలో ఒత్తిడి దగ్గర. ఇది దానికి మూడింతలు.

ఈ ఉడుకుతో ఒకేసారి నాలుగు పనులు జరుగుతాయి. ఎంజైము చచ్చిపోతుంది. పండు తొడిమ దగ్గర వదులై గెల నుంచి తేలిగ్గా ఊడుతుంది. గుజ్జు మెత్తబడి, అందులోని మాంసకృత్తులు గడ్డకట్టడం వల్ల నూనె, నీళ్లు తర్వాత తేలిగ్గా విడిపోతాయి. గింజ ముడుచుకుని టెంక నుంచి విడిపోతుంది. ఈ నాలుగింటిలో ఏది సరిగా జరగకపోయినా వెనక ఉన్న ఏ యంత్రమూ దాన్ని సరిదిద్దలేదు.

ఉడికిన గెలలు తిరిగే డ్రమ్ములో పడి పండ్లు రాలతాయి. రాలిన పండ్లు కత్తులు తిరిగే వేడి పాత్రలో నలుగుతాయి. ఆ ముద్ద స్క్రూ ప్రెస్‌లోకి వెళ్తుంది. పక్కపక్కనే ఎదురెదురుగా తిరిగే రెండు మరలు ముద్దను ముందుకు నెడుతుంటే, చివర్లో ఉన్న శంకువు దారిని ఇరుకు చేస్తుంది. ఆ ఒత్తిడికి నూనె చిల్లుల్లోంచి బయటికి కారుతుంది, పీచూ టెంకలూ చివరి నుంచి వస్తాయి. శంకువును ఎంత బిగించాలన్నది అనుభవం ఉన్న ఆపరేటర్ చేతిలో ఉంటుంది. మరీ బిగిస్తే టెంకలు పగిలి, చిప్పల ముక్కలూ గింజ నూనే పామాయిల్‌లో కలుస్తాయి. వదిలేస్తే పీచులో నూనె మిగిలిపోతుంది.

ప్రెస్ నుంచి వచ్చేది ఇంకా నూనె కాదు. నూనె, నీళ్లు, మడ్డి కలిసిన ద్రవం అది. వేడినీళ్లు కలిపి, జల్లెడ పట్టి, 90 డిగ్రీల దగ్గర పెద్ద తొట్టిలో నిలబెడితే నూనె పైకి చేరుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గాలి తీసేసిన పాత్రలో తడి ఆరబెడతారు. గమనిస్తే ఇది ఆఫ్రికా డ్రమ్ములో జరిగేదే. ఉడికించడం, నలపడం, వేడినీళ్లతో తేల్చడం అన్నీ ఉన్నాయి. ఫ్యాక్టరీ చేసిందల్లా ఆ మెట్ల మధ్య వృథా అయ్యే కాలాన్నీ నూనెనూ తగ్గించడమే.

హెక్సేన్, ఇతర కొత్త దారులు

హెక్సేన్ అనే ద్రావకంతో నూనె తీయడం తవుడు, సోయా, వేరుశనగ చెక్కల విషయంలో మామూలే. చెక్కలో మిగిలిన నూనెను ద్రావకంలో కరిగించి, 69 డిగ్రీల దగ్గర మరిగే ఆ ద్రావకాన్ని ఆవిరి చేసి వెనక్కి రాబట్టుకుంటారు. చెక్కలో ఒక శాతం దరిదాపు నూనె మాత్రమే మిగులుతుంది. అదే గానుగ చెక్కలో పది శాతం పైనే మిగులుతుంది. పామ్ గుజ్జుకు మాత్రం ఈ పద్ధతి నప్పదు. తడి పదార్థంలోకి హెక్సేన్ సరిగా చొరబడదు, ముందుగా ఆరబెట్టాలంటే ఆ ఖర్చు వేరే. అందుకే దీన్ని గింజ చెక్కకూ, అక్కడక్కడ ప్రెస్ చేసిన పీచుకూ వాడతారు. దుకాణంలో పామాయిల్ ప్యాకెట్ చూసి 'ఇదంతా కెమికల్‌తో తీసిందే' అనుకోవడం సరికాదు. గుజ్జు నూనె ఆవిరితో, ఒత్తిడితో వచ్చినదే.

కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలు, 74 బార్ల ఒత్తిడి దాటిస్తే అది ద్రవంలా కరిగించే గుణం తెచ్చుకుంటుంది. దానితో తీస్తే నూనెకు ఎర్రటి రంగునిచ్చే కెరోటిన్ పోదు, ద్రావకం మిగలదు. యంత్రాల ఖర్చు వల్ల ఇది విటమిన్ల తయారీ లాంటి ఖరీదైన పనులకే పరిమితం. గుజ్జు కణాల గోడలను ఎంజైములతో కరిగించి నూనె దిగుబడి పెంచే ప్రయోగాలు కూడా ఉన్నాయి. రోజుకు వందల టన్నుల గెలలు ఆడే మిల్లులో ఇవి ప్రెస్‌ స్థానంలోకి రాలేదు.

టన్ను గెలల లెక్క

లెక్క కోసం ఒక టన్ను గెలల్లో 220 కిలోల నూనె ఉందనుకుందాం. తొక్కి, తేల్చే పద్ధతిలో సగం దక్కితే 110 కిలోలు. హైడ్రాలిక్ చేతి ప్రెస్‌లో 70 శాతం వస్తే 154 కిలోలు. మంచి స్క్రూ ప్రెస్ మిల్లులో 90 శాతం వస్తే 198 కిలోలు. మొదటిదానికీ చివరిదానికీ తేడా 88 కిలోలు. చిన్న యూనిట్‌లో పెట్టుబడి ఎంత మిగిలినా, టన్నుకు ఇంత నూనె పోగొట్టుకుని నిలబడడం కష్టం.

గెలల బరువులో నూనె ఎంత శాతం వచ్చిందన్నదే రైతులు ఓఈఆర్ అనే లెక్క. పైన చెప్పిన మిల్లుకు ఓఈఆర్ 19.8. దీన్ని మిల్లు పనితనంగా మాత్రమే చూడడం పొరపాటు. పండ్ల గుజ్జులోకి నూనె చేరేది పూత పట్టాక 15వ వారం నుంచి 20వ వారం మధ్య, అంటే చివరి రోజుల్లో. గెల నుంచి ఐదారు పండ్లు రాలకముందే కోసేస్తే బరువు ఉంటుంది, నూనె ఉండదు. విత్తనమూ ముఖ్యమే. మందపు టెంక ఉన్న డ్యూరా, టెంక లేని పిసిఫెరా కలిస్తే పలుచటి టెంక ఉన్న టెనెరా వస్తుందని 1941లో కాంగోలో తేల్చారు. ఇప్పుడు తోటల్లో వేసేది ఆ రకమే. టెంక పలుచబడిన మేర గుజ్జు పెరిగింది. యంత్రాల్లో వచ్చిన ఏ మార్పూ దిగుబడిని ఇంతగా పెంచలేదనే చెప్పాలి.

ఓఈఆర్‌లో ఒక్క శాతం తేడా అంటే టన్నుకు పది కిలోల నూనె, రైతుకు కట్టే గెలల ధర కూడా దాన్ని బట్టే మారుతుంది. ఆంధ్ర, తెలంగాణ ఓఈఆర్‌ల తేడా మీద గోదావరి జిల్లాల రైతులు ఏళ్లుగా గొడవ పడింది అందుకే. జాతీయ మిషన్ లాభసాటి ధరను మరోలా లెక్కగడుతుంది. గత ఐదేళ్ల సగటు ముడి పామాయిల్ ధరను టోకు ధరల సూచీతో సవరించి, అందులో 14.3 శాతం తీసుకుంటుంది. ఆ ధర టన్నుకు లక్ష రూపాయలు అనుకుంటే టన్ను గెలలకు రూ.14,300.

ముడి నూనె ధర మాత్రం మన చేతిలో లేదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా ఎగుమతులు ఆపితే ఇక్కడ ధరలు ఎగబాకాయి, మే 23న నిషేధం ఎత్తేసింది. ముడి పామాయిల్ మీద కస్టమ్స్ సుంకం 2024 సెప్టెంబర్‌లో సున్నా నుంచి 20 శాతానికి పెరిగి, 2025 మే 30న 10 శాతానికి తగ్గింది. సుంకం తగ్గితే కొనేవారికి ఊరట, గెలలు అమ్మేవారికి దెబ్బ.

నీళ్ల ప్రశ్న

మిల్లుకు కట్టెలు కొననక్కర్లేదు. పీచు, చిప్పలే బాయిలర్‌కు సరిపోతాయి. నీళ్ల సంగతి అలా కాదు. టన్ను గెలలకు టన్ను పైనే నీళ్లు ఖర్చవుతాయి, అందులో సగానికి పైగా మడ్డినీళ్లుగా బయటికొస్తాయి. ఆ నీళ్లను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు లాగేసే ప్రాణవాయువు లీటరుకు దాదాపు 25,000 మిల్లీగ్రాములు. ఊరి మురుగునీటితో పోలిస్తే ఇది సుమారు వంద రెట్లు. అలాగే చెరువులోకి వదిలితే చేప బతకదు. మూసిన తొట్లలో పెట్టి బయోగ్యాస్ తీసుకునే మిల్లులూ ఉన్నాయి.

తోటకు కావాల్సిన నీళ్లు వేరే. ఎకరాకు 57 చెట్లు. ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 200 లీటర్ల లెక్కన ఎకరాకు 11,400 లీటర్లు. నీళ్లు తగ్గిన ఏడాది ప్రభావం వెంటనే కనిపించదు. చెట్టు మగపూలు ఎక్కువ వేసి, గెలలు ఒకటి రెండేళ్ల తర్వాత తగ్గుతాయి. బోర్ల మీద ఆధారపడే పలమనేరు, కుప్పం వైపు ఈ లెక్కను మొదట వేసుకోవాలి.

దూరం తేల్చే పంట

రాష్ట్రంలో ఆయిల్ పామ్ తోటల్లో పెద్ద భాగం ఏలూరు, గోదావరి జిల్లాల్లోనే ఉంది. ఈ పంట మీద జాతీయ పరిశోధన సంస్థ కూడా ఏలూరు దగ్గర పెదవేగిలోనే ఉంది. తిరుపతి నుంచి అక్కడికి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. కృష్ణపట్నం రేవు దగ్గర నూనె రిఫైనరీలు ఉన్నాయి కదా అనుకోవచ్చు. కానీ అవి ఓడల్లో దిగే ముడి నూనెను శుద్ధి చేసేవి. రిఫైనరీ గెలను ఆడదు.

మరి దగ్గర్లో మిల్లు పెట్టడానికి ఎన్ని తోటలు కావాలి? గంటకు 5 టన్నుల చిన్న మిల్లు రోజుకు 20 గంటలు, ఏడాదికి 300 రోజులు నడవాలంటే 30,000 టన్నుల గెలలు కావాలి. హెక్టారుకు 15 టన్నులు వస్తాయనుకుంటే 2,000 హెక్టార్ల తోటలు, అవీ కాపుకొచ్చినవి. మొక్క నాటాక కాపు మొదలయ్యేది మూడు నాలుగేళ్లకు. తోటలు లేకుండా మిల్లు రాదు, మిల్లు లేకుండా తోట వేసినవాళ్లకు తొలి కాపే గండం.

మామిడి సీజన్‌లో పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి, కాయ ఎండలో నిలబడడం చిత్తూరు జిల్లాకు కొత్త కాదు. మామిడికి ఆ నష్టం ఏడాదికి రెండు నెలలు. ఆయిల్ పామ్‌కు పది పన్నెండు రోజులకొకసారి కోత ఉంటుంది, ఏడాది పొడుగునా, పాతికేళ్ల పాటు. పైగా 1993 నాటి రాష్ట్ర ఆయిల్ పామ్ చట్టం కింద ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో ఫ్యాక్టరీకి కేటాయిస్తారు. ఆ ఫ్యాక్టరీ గెలలు కొనాలి, రైతు ఆ ఫ్యాక్టరీకే ఇవ్వాలి. కొనేవాడు ఖాయంగా ఉంటాడన్నది ఇందులో మేలు, నచ్చకపోతే వేరేచోటికి తోలే వీలు లేకపోవడం ఇందులో ఇబ్బంది.

కాబట్టి మొక్క నాటే ముందు ఫ్యాక్టరీ మనిషిని అడగాల్సింది ప్రెస్ ఏ కంపెనీదని కాదు. తమ మండలానికి సేకరణ కేంద్రం ఎక్కడ, లారీ ఎన్ని రోజులకొకసారి వస్తుంది, కోసిన గెల ఎన్ని గంటల్లో ఆవిరి పెట్టెలోకి వెళ్తుంది, లారీ రాని రోజు నష్టం ఎవరిది అని.